సహరీకి లేవాలి, తరావీహ్‌లో నిలబడాలి, మరి నిద్రెప్పుడు పోవాలి ఆపా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడింది, ఆకలి గురించి ఒక్కరూ అడగలేదు, దాహం గురించి కూడా పెద్దగా లేదు, అందరి గొడవా నిద్రే, తెల్లవారకముందే సహరీ భోజనానికి లేవాలి, రాత్రి తరావీహ్ నమాజులో నిలబడాలి, మధ్యలో నిద్ర చాలట్లేదని. 2018లో రంజాన్ మే మధ్యలో మొదలై జూన్ మధ్యదాకా నడిచింది, అప్పుడు రోజా (ఉపవాసం) 14 గంటలు దాటేది, పైగా రోహిణి ఎండలు, అసర్ (సాయంత్రపు నమాజు) అయ్యేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది. చంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ 2026కి ఫిబ్రవరి మూడో వారానికి వచ్చేసింది, మన తెలుగు రాష్ట్రాల్లో రోజా 13 గంటల చిల్లర, ఎండ ఇంకా ముదరలేదు, రాత్రి కూడా పొడుగ్గానే ఉంది. అంటే ఒళ్ళు తట్టుకోగలిగిన రంజాన్ ఇది. అయినా నమాజులో కళ్ళు మూతలు పడుతున్నాయి అంటున్నారు అంటే మన రాత్రి ఎటు పోతోందో కూర్చుని లెక్క చూసుకోవాల్సిందే.

నేను వైద్యం చదివినదాన్ని కాదు, జూనియర్ కాలేజీలో 26 ఏళ్ళు బయాలజీ పాఠం చెప్పా, ఆలిమానీ (మత పండితురాలినీ) కాదు. ఫత్వా కావాల్సిన చోట మీ మసీదు ఇమామ్ గారినీ, మందులున్న చోట మీ డాక్టర్నీ అడగండి, మిగతాది నాకు తెలిసినంత చెప్తా.

ప్రశ్న: ఆపా, మాది కర్నూలు. ఇంట్లో ఏడుగురం. రాత్రి పనయ్యి పడుకునేసరికి 11.30, మళ్ళీ మూడింటికి లేచి సహరీ వండుతా. అందరూ తిని ఫజర్ (తెల్లవారుజాము నమాజు) చదువుకుని పడుకుంటారు, నేను గిన్నెలు తోమి పిల్లల బాక్సులు కట్టి స్కూలుకి పంపేసరికి 8.30. మధ్యాహ్నం మూడు నుంచి మళ్ళీ ఇఫ్తార్ పని. తరావీహ్ ఇంట్లోనే చదువుతా, నాలుగు రకాతులకే (నమాజు భాగాలకే) తూలిపోతున్నా. పోయినేడు ఖురాన్ ముప్పై పారాల్లో (భాగాల్లో) పది కూడా దాటలేదు. మా అత్తమ్మ, నీ వయసులో నేను రెండు ఖత్మ్‌లు చేసేదాన్ని (ఖురాన్ మొత్తం రెండుసార్లు పూర్తి చేసేదాన్ని) అంటారు. నా ఈమాన్ (విశ్వాసం) తగ్గిపోయిందేమో అని ఏడుపొస్తోంది.

జవాబు: చెల్లీ, ముందు కళ్ళు తుడుచుకో. నువ్వు రాసింది నేను కాగితం మీద వేసి చూశా, 11.30 నుంచి మూడు అంటే మూడున్నర గంటలు. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం ఏడు గంటలు కావాలి. నువ్వు సగంతో నెల మొత్తం నడుపుతున్నావు, ఏడుగురికి రెండు పూటలా వండి మరీ. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది, అది పేరుకునే కొద్దీ రెప్పలు బరువెక్కుతాయి, నిద్రపోతేనే అది దిగుతుంది, ఇంకో దారి లేదు. నువ్వు తూలడం దానివల్ల. ఈమాన్‌కి దీంతో సంబంధం లేదమ్మా, ఇది గంటల లెక్క.

నీలాంటి ఇంటి సంగతే ఒక హదీసులో (ప్రవక్త మాటలు, నడవడి చెప్పే కథనంలో) ఉంది, బుఖారీ అనే హదీసు గ్రంథంలోది. ప్రవక్త (స) సహచరుడు సల్మాన్ ఫార్సీ (రజి) ఒకరోజు ఇంకో సహచరుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్తే ఆయన భార్య మాసిన బట్టల్లో, పట్టించుకునేవాళ్ళు లేనట్టు కనపడ్డారు. ఏంటమ్మా ఇది అంటే, మీ అన్నకి ఈ లోకంతో పనిలేదు అన్నారు ఆవిడ. ఆ రాత్రి అబూ దర్దా నమాజుకని లేవబోతే సల్మాన్ పడుకో అన్నారు, కాసేపాగి మళ్ళీ లేవబోతే మళ్ళీ పడుకో అన్నారు, రాత్రి చివరి భాగం వచ్చాక ఇప్పుడు లే అని ఇద్దరూ కలిసి నమాజు చదివారు. నీ ప్రభువుకి నీ మీద హక్కుంది, నీ ప్రాణానికి నీ మీద హక్కుంది, నీ ఇంటివాళ్ళకి నీ మీద హక్కుంది, ఎవరి హక్కు వాళ్ళకివ్వు అన్నారు. ప్రవక్త (స) దగ్గర ఈ మాట వస్తే సల్మాన్ నిజం చెప్పాడు అన్నారు. ఈ హదీసు ఎన్నిసార్లు విన్నా నాకు ముందు ఆ భార్యే కళ్ళ ముందు నిలబడుతుంది. రాత్రంతా ఇబాదత్ (ఆరాధన) చేసే మనిషి ఇంట్లో ఆవిడ హక్కు మిగిలిపోయి ఉంటే అది పట్టించుకోవాల్సిన విషయం అయ్యింది, చూడు.

ఇక పని దగ్గరికొద్దాం. మూడింటికి లేవడం ఎందుకు? కర్నూల్లో సహరీ ముగిసేది ఐదు దాటాకే కదా, సహరీ ఆలస్యంగా తినడమే సున్నత్ (ప్రవక్త పద్ధతి), ప్రవక్త (స) సహరీకీ ఫజర్‌కీ మధ్య ఖురాన్ 50 ఆయతులు (వాక్యాలు) చదివేంత సమయమే ఉండేదని జైద్ బిన్ సాబిత్ (రజి) చెప్పారు. 4.10కి లే. దానికి రాత్రే ఏర్పాటు చేసుకోవాలి, ఖిచిడీకి బియ్యం పప్పు కడిగి కుక్కర్‌లో నానబెట్టి పెట్టు, ఖట్టా (పులుసు) రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టు, ఖీమా వారానికోసారి వండి డబ్బాల్లో ఫ్రీజ్ చెయ్యి, గుడ్లు ఉడకబెట్టడం పదో తరగతి పిల్లాడికి కూడా వస్తుంది. సహరీకి మూడు రకాలు ఉండాలని ఎక్కడా లేదు. జొన్నరొట్టె, పెరుగు, గుడ్డు, రెండు ఖర్జూరాలు పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా నిలబడతాయి, తెల్ల బ్రెడ్డు జాము కంటే చాలా నయం.

గిన్నెలు మీ ఆయన తోమాలి. ఇది నా మాట అనుకుంటారేమో, ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారు అని ఆయన భార్య ఆయిషా (రజి)ని అడిగితే ఇంటివాళ్ళ పనిలో ఉండేవారు, నమాజు వేళ అయితే వెళ్ళేవారు అన్నారు, ఇదీ బుఖారీలోదే. భాయ్, మీరిది చదువుతుంటే, సహరీ అయ్యాక పదిహేను నిమిషాలు సింకు దగ్గర నిలబడండి, మీ భార్యకి ఆ పదిహేను నిమిషాల్లో తహజ్జుద్ (రాత్రి చివర్లో చదివే నమాజు) రెండు రకాతులు దొరుకుతాయి.

పిల్లలు స్కూలుకెళ్ళాక 9 నుంచి 10.30 దాకా పడుకో, సిగ్గుపడకుండా తలుపేసుకుని పడుకో. నిద్ర ఒక ఆవృతం దాదాపు గంటన్నర పడుతుంది, అది పూర్తయితే లేచినప్పుడు తల దిమ్ముగా ఉండదు. రాత్రి 10.30కి పడుకుని 4.10కి లేచినా ఐదు గంటల నలభై నిమిషాలు, పొద్దున గంటన్నర, ఏడు దాటిపోయింది.

ఖురాన్ విషయం. ఒక పారా సుమారు 20 పేజీలు, ఐదు నమాజుల తర్వాత నాలుగేసి పేజీలు చదివితే రోజుకి ఒక పారా. నీకు నాలుగు కుదరకపోతే రెండు చదువు, నెలకి 15 పారాలు అవుతాయి, పోయినేటి కంటే ఎక్కువే. ఖురాన్‌లోనే ఉంది, మీకు సులువైనంత చదవండి అని. ఇంకోటి, ఉపవాసం ఉన్న రోజేదార్‌కి ఇఫ్తార్ పెట్టినవాళ్ళకి ఆ రోజేదార్‌కి వచ్చినంత పుణ్యం వస్తుంది, అతనిది ఏమీ తగ్గకుండా. నువ్వు రోజూ ఎంతమందికి పెడుతున్నావో లెక్కేసుకో. అత్తమ్మకి నా సలామ్ చెప్పు, ఆవిడ రెండు ఖత్మ్‌లు అల్లాహ్ కబూల్ చెయ్యాలి. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఉల్లిపాయలు ఎవరు తరిగిచ్చేవారో ఒకసారి అడుగు, బహుశా ఇంట్లో తోడికోడళ్ళు ఉండేవాళ్ళేమో, ఉమ్మడి కుటుంబాల్లో పని పదిమంది చేతుల్లో నలిగేది, నీ దగ్గర రెండు చేతులే ఉన్నాయి.

ప్రశ్న: నేను గుంటూరులో ప్రభుత్వ ఉద్యోగిని. మా మసీదులో రాత్రికి సవా పారా (ఒకటింబావు పారా) తరావీహ్, 20 రకాతులు. ఇఫ్తార్ బాగానే తింటాను, పదో రకాతు దగ్గర నుంచి ఇమామ్ గారు ఏం చదువుతున్నారో కూడా తెలీదు, ఒకసారి సజ్దాలోనే (నుదురు నేలకి ఆన్చినప్పుడే) నిద్రపోయా. ముందు ఒక స్ట్రాంగ్ కాఫీ తాగితే తప్పా?

జవాబు: తప్పు కాదు భాయ్, కానీ తొమ్మిదింటి కాఫీ మీ రాత్రిని తినేస్తుంది. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, అంటే తరావీహ్‌కి తాగింది రెండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది, పడుకున్నా నిద్ర లోతుగా పట్టదు, మర్నాడు ఇంకా తూలుతారు, ఇంకో కాఫీ. నాకు తెలిసి సగంమంది రంజాన్ ఇలాగే అరిగిపోతుంది.

అసలు తరావీహ్ అన్న మాటకి అర్థమే విశ్రాంతులు అని. తర్వీహా అంటే ఒక విశ్రాంతి, ప్రతి నాలుగు రకాతులకి కాసేపు కూర్చునేవాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు మనం ఆ కూర్చోవడాన్ని తస్బీహ్ (దైవస్మరణ) గబగబా చదివి లేచిపోయేంతకి కుదించేశాం. ఒకసారి ప్రవక్త (స) మసీదులో రెండు స్తంభాల మధ్య తాడు కట్టి ఉండటం చూసి ఇదేంటి అన్నారు, మీ భార్య జైనబ్ (రజి)ది, అలిసిపోయినప్పుడు పట్టుకుంటారు అన్నారు అక్కడివాళ్ళు. విప్పెయ్యండి, ఓపిక ఉన్నంతసేపే నమాజు చదవండి, అలిసిపోతే కూర్చోండి అన్నారు. నమాజులో కునుకు వస్తే వెళ్ళి పడుకోండి, ఆ మత్తులో క్షమాపణ అడగబోయి తనని తానే తిట్టుకుంటాడేమో అని కూడా ఉంది. కాబట్టి నిలబడలేని చోట కూర్చుని చదవండి, నఫిల్ (ఐచ్ఛిక), సున్నత్ నమాజులు కూర్చుని చదవొచ్చు, చేతనై కూడా కూర్చుంటే సగం పుణ్యం అన్నారు, సగం కూడా ఎక్కడికీ పోలేదు కదా.

మీ అసలు సమస్య ఇఫ్తార్ ప్లేటులో ఉంది. ఖర్జూరం, నీళ్ళు, పళ్ళు, మసీదులో గంజి ఇస్తే ఒక గిన్నె, అంతటితో మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) చదివెయ్యండి. మగ్రిబ్ తర్వాత చిన్న భోజనం, కడుపులో చోటు మిగిలేలా. సమోసాలు, మిర్చి బజ్జీలు, పైన హలీమ్, దానిపైన షర్బత్ పడితే ఎవరికైనా కళ్ళు మూతలు పడతాయి. హలీమ్ తినొద్దని నేనెందుకంటా, 2010లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరిదన్న అధికారిక గుర్తింపు) తెచ్చుకున్న మన హైదరాబాద్ వంట అది, కానీ గోధుమ, మాంసం, నెయ్యి కలిసిన వంటకం, దాన్ని అదే ఒక భోజనం అనుకుని తినాలి, భోజనం పైన ఇంకో వంటకంలా కాదు.

2025లో తెలంగాణ, ఆంధ్ర రెండు ప్రభుత్వాలూ రంజాన్ నెలంతా ముస్లిం ఉద్యోగులని సాయంత్రం ఒక గంట ముందే వెళ్ళనిచ్చాయి. అలాంటి గంట దొరికితే అది ఎటు పోతోంది మీకు, పళ్ళ బండి దగ్గరా? ఇంటికొచ్చి ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోండి, అసర్‌కి లేచిపోండి. దాన్నే ఆఫీసులో లంచ్ టైములో చెయ్యగలిగితే ఇంకా మంచిది, ఖైలూలా అంటారు దాన్ని, సహాబీలు (ప్రవక్త సహచరులు) చేసేవాళ్ళు. కుర్చీలో తల వెనక్కి వాల్చినా సరిపోతుంది. మగ్రిబ్, ఇషా (రాత్రి నమాజు) మధ్య మాత్రం పడుకోకండి, ఇషాకి ముందు నిద్ర, ఇషా తర్వాత కబుర్లు రెండూ ప్రవక్త (స)కి నచ్చేవి కావు.

ఇంకో చిన్న పని, ఈ రాత్రి చదవబోయే పారా అర్థం పొద్దున తెలుగులో పది నిమిషాలు చూసుకెళ్ళండి. నేను అలా మొదలుపెట్టాక, ఇదిగో మూసా (అలై) కథ దగ్గరికొచ్చాం, ఇదిగో సముద్రం అని చెవి దానంతటదే నిక్కబొడుచుకుంటోంది. అర్థం కాని మాటకి మెదడు నిద్రపోతుంది, అది సహజం.

ప్రశ్న: అక్కా, గచ్చిబౌలిలో సపోర్ట్ జాబ్, షిఫ్ట్ సాయంత్రం 6 నుంచి రాత్రి 3. ఇఫ్తార్ డెస్క్ దగ్గరే, తరావీహ్ మొత్తం మిస్. బైక్ మీద ఇంటికొచ్చి సహరీ తిని ఫజర్ చదివి పడుకుంటే మధ్యాహ్నపు నమాజు జొహర్‌కి లేవలేకపోతున్నా. ఈ నెలలో నాకేం మిగలట్లేదు అనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, తరావీహ్ జమాత్ (అందరితో కలిసి చదవడం) పోయింది కానీ తరావీహ్ పోలేదు, ఇషా నుంచి ఫజర్ లోపల ఎప్పుడైనా, ఒంటరిగానైనా చదువుకోవచ్చు. బ్రేక్‌లో నాలుగు, ఇంటికొచ్చాక సహరీకి ముందు మిగిలినవి. అందరూ అలారం పెట్టుకుని తంటాలు పడే రాత్రి చివరి భాగంలో నువ్వు ఎలాగూ మేలుకునే ఉంటున్నావు, అది చిన్న వరం కాదు, ఆ అరగంట ఫోన్‌కి ఇవ్వకు.

ఫజర్ అయ్యాక 5.45కి పడుకో. గదికి మందం కర్టెన్ కట్టు, లేదా కళ్ళకి గుడ్డ కట్టుకో, ఎందుకంటే తెల్లారే వెలుతురు కంట్లో పడగానే మెదడు మెలటోనిన్ ఆపేసి ఇక లే అంటుంది. 12.30 దాకా పడుకుంటే దాదాపు ఏడు గంటలు, లేచి జొహర్ చదివి కాసేపు ఎండలో నడువు. నువ్వు జొహర్‌కి లేవలేకపోవడానికి కారణం, నా అంచనా, వీకాఫ్‌లు. వారంలో ఐదు రోజులు పగలు పడుకుని రెండు రోజులు రాత్రి పడుకుంటే ఒంట్లో గడియారం ఏ ఊరి టైము పట్టుకోవాలో తెలీక తిరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క నెల సెలవు రోజుల్లో కూడా ఇదే పద్ధతి ఉంచు, మధ్యలో ఒక గంట అటూ ఇటూ జరుపు అంతే.

రాత్రి మూడింటికి బైక్ వద్దు నాన్నా. నేను ఒక ఏడాది రంజాన్‌లో ఫజర్ అయ్యాక నిద్ర చాలకుండానే స్కూటీ మీద కాలేజీకి బయల్దేరి డివైడర్‌ని రాసుకుంటూ వెళ్ళా, రెప్ప వాలిన సంగతి కూడా నాకు తెలీదు, మోచెయ్యి కొట్టుకుపోవడంతో పోయింది, వెనక లారీ ఉంటే ఈ జవాబు రాసేదాన్ని కాదు. ఆఫీస్ క్యాబ్ ఉంటే అడిగి పెట్టించుకో, క్యాబ్‌లో తస్బీహ్ చేసుకుంటూ రా.

ప్రశ్న: ఇంటర్ సెకండియర్. పరీక్షలు రోజాల్లోనే పడ్డాయి. రాత్రి ఫ్రెండ్స్‌తో చార్మినార్ వైపు వెళ్తాం, సహరీ బయటే తింటాం, ఫజర్ నుంచి అసర్ దాకా పడుకుంటా. అమ్మ తిడుతుంది. రోజేదార్ నిద్ర కూడా ఇబాదతే అని హదీసు ఉంది కదా ఆపా?

జవాబు: బాబూ, ఆ మాట అందరి నోళ్ళలో ఉంది కానీ దాని సనద్ (చెప్పినవాళ్ళ వరుస) బలహీనమని హదీసు పండితులు చెప్పారు. నిద్ర పాపం కాదు, ఇబాదత్ చెయ్యడానికి బలం కావాలని పడుకుంటే ఆ నియ్యత్‌కి పుణ్యం ఉంటుందని నేనూ నమ్ముతా, కానీ జొహర్ పోగొట్టే నిద్రని ఆ లెక్కలో ఎలా వేస్తాం చెప్పు.

పత్తర్‌గట్టీ లైట్లు, మదీనా సర్కిల్ దగ్గర జనం, అర్ధరాత్రి ఇరానీ చాయ్, ఆ సందడి నాకూ ఇష్టమే, నెలలో ఒకటి రెండు రాత్రులు వెళ్ళు, నేను వద్దనను. పరీక్షలున్న వారం మాత్రం వద్దు. కారణం వినుకో. పగలు చదివింది మెదడులో గట్టిపడేది నిద్రలో, రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, చివరి సగంలో కలల నిద్ర ఎక్కువ, రెండూ కావాలి. 10.15కి పడుకుంటే ఆ గాఢనిద్ర భాగం మొత్తం దక్కుతుంది, 4.30కి లేచి ఇంట్లో అమ్మతో సహరీ తిని ఫజర్ మసీదులో చదువు. కడుపులో తిండి ఉంటుంది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, 5.45 నుంచి 7.30 దాకా కెమిస్ట్రీ గానీ మ్యాథ్స్ గానీ, రోజంతా అంతకంటే మంచి సమయం నీకు దొరకదు. పరీక్ష రాసి వచ్చాక జొహర్ చదివి గంటన్నర పడుకో. అసర్ తర్వాత తల పనిచెయ్యదు, అప్పుడు కొత్త చాప్టర్ పట్టుకోకు, రాసి చూసుకునే పనులు పెట్టుకో, లేదా ఖురాన్ తీసుకో. అమ్మకి నా మాటగా ఒకటి చెప్పు, తిట్టడం ఆపి ఆ వారం ఇఫ్తార్‌కి నూనె సరుకు తగ్గించమని.

ప్రశ్న: రోజుకి ఐదారు టీలు అలవాటు. మొదటి మూడు రోజాల్లో తల పగిలిపోతుంది, దువా (వేడుకోలు) మీద ధ్యాస ఉండదు.

జవాబు: టీ ఆపిన తలనొప్పి అది, చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, అందుకే అసర్, మగ్రిబ్ మధ్య పట్టుకుంటుంది, సరిగ్గా దువా కబూల్ అయ్యే సమయంలో. రంజాన్ ముందు నెల షాబాన్ చివరి వారంలోనే రోజుకొక కప్పు తగ్గిస్తూ రండి. ఇప్పటికే రోజాలు మొదలైపోయాయి అంటే సహరీలో చిన్న కప్పు ఒకటి, మగ్రిబ్ అయ్యాక ఒకటి, ఇషా తర్వాత వద్దు. నీళ్ళు మాత్రం సహరీలో ఒకేసారి లీటరు గుమ్మరించకండి, ఇఫ్తార్ నుంచి పడుకునేదాకా గంటకో గ్లాసు చొప్పున తాగండి, లేకపోతే అర్ధరాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేవడంతో ఉన్న నిద్ర కూడా పోతుంది.

ప్రశ్న: అక్కా, నెలసరి రోజుల్లో కూడా ఇంట్లో మగవాళ్ళకి తెలియకూడదని సహరీకి లేచి తిన్నట్టు, పగలు ఉపవాసం ఉన్నట్టు నటిస్తున్నా. నీరసం వచ్చేస్తోంది.

జవాబు: అమ్మా, అల్లాహ్ ఇచ్చిన సెలవు అది, దాన్ని దాచుకునేంత తప్పేం చేశావు. ఆ రోజుల్లో రక్తం పోతుంది, ఒళ్ళు నిద్ర అడుగుతుంది, ఇవ్వు. మీ అమ్మకో అక్కకో ఒక్కరికి చెప్పి సహరీ వంట ఆ నాలుగు రోజులు వాళ్ళకి అప్పగించి పడుకో. పగలు వంటింట్లో అయినా సరే కూర్చుని తిను, నీళ్ళు తాగు. దిక్ర్ (దైవస్మరణ), దరూద్ (ప్రవక్తకి దీవెన), దువా ఏదీ ఆగదు, ఖురాన్ వినొచ్చు. తర్వాత ఖజా రోజాలు (తప్పినవాటికి బదులు) పెట్టుకుంటావు, అక్కడితో సరి. ఇంట్లో అన్నదమ్ములకి ఈ సంగతి చిన్నప్పుడే మామూలుగా చెప్పి పెంచాలి, చెప్పని తప్పు మా తరం అమ్మలదే.

ప్రశ్న: నాన్నకి 68, ఇన్సులిన్ మీద ఉన్నారు. వద్దంటే వినకుండా రోజాలు ఉంటున్నారు. మధ్యాహ్నం నుంచి మగతగా పడుకునే ఉంటారు, లేపితే చిరాకు. నిద్ర చాలట్లేదు అనుకుని వదిలేస్తున్నాం.

జవాబు: వదిలెయ్యకండి, ఇవాళే మీటర్ తీసి చూడండి. షుగర్ పడిపోయినా మగత, చిరాకు, చెమట, వణుకు ఇలాగే వస్తాయి, నిద్ర అనుకుని దుప్పటి కప్పితే ప్రాణం మీదకి వస్తుంది. వేలికి సూది గుచ్చి టెస్ట్ చేసుకుంటే రోజా పోదు అనే చాలామంది ఉలమాలు (మత పండితులు) చెప్తున్నారు. 70 కంటే తక్కువ చూపించినా, 300 దాటినా ఆ క్షణమే రోజా విప్పెయ్యాలి, ఇఫ్తార్‌కి ఇంకో అరగంటే ఉంది అని ఆగకూడదు. ఇన్సులిన్ డోసు, వేళలు డాక్టరే మార్చాలి, ఇంట్లో వాళ్ళు తగ్గించడం పెంచడం చెయ్యొద్దు. అసలు ఉండొచ్చా లేదా అన్నది కూడా ఆయన్నే తేల్చమనండి, వద్దంటే ఫిద్యా (రోజాకి బదులు పేదలకి అన్నం పెట్టడం) ఉంది. ఖురాన్ బఖరా సూరాలో (అధ్యాయంలో) రోగికి మినహాయింపు ఇచ్చిన చోటే అల్లాహ్ మీకు సులువునే కోరుతున్నాడు, కష్టాన్ని కాదు అని ఉంది, ఆ ఆయత్ నాన్న పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి. మా నాన్నగారూ ఇలాగే మొండికేశారు, కొడుకులు అరిస్తే విననిది మనవరాలు ఆ ఆయత్ చదివితే విన్నారు.

ప్రశ్న: ఆఖరి పది రాత్రులు ఎలా గడపాలి? పోయినసారి 21వ రాత్రి తెల్లవార్లూ మేలుకున్నా, 23కి జ్వరం వచ్చింది, 27న షబే ఖదర్ (ఖురాన్ దిగిన ఘనమైన రాత్రి) నిద్రలో పోయింది. (కడప నుంచి ఒక సోదరి)

జవాబు: ఆ పది రాత్రుల్లో ప్రవక్త (స) నడుం బిగించి, రాత్రిని మేల్కొలిపి, ఇంటివాళ్ళనీ లేపేవారని ఆయిషా (రజి) చెప్పారు. కాబట్టి నీ ఆరాటం సరైనదే, మొదటి రాత్రే అంతా ఖర్చు పెట్టేశావు అంతే. బేసి రాత్రులు ఐదు, 21, 23, 25, 27, 29. ఐదింటికీ సరిపడా ఓపిక దాచుకోవాలి.

రాత్రి మూడో భాగం లెక్క చెప్తా. మార్చి రెండో వారంలో మన దగ్గర మగ్రిబ్ 6.25 అనుకో, ఫజర్ 5.10, మధ్యలో పదిముప్పావు గంటలు, దాన్ని మూడు చేస్తే మూడున్నర గంటల చిల్లర. అంటే చివరి మూడో భాగం 1.35 దగ్గర మొదలవుతుంది. తరావీహ్ అయ్యి 10.15కి పడుకుంటే 1.30కి లేచేసరికి రెండు నిద్ర ఆవృతాలు పూర్తయి ఉంటాయి. లేచి వుజూ (నమాజుకి ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కోవడం) చేసుకుని, మొదటి గంట నిలబడి నమాజు, తర్వాత కాసేపు ఖురాన్, తర్వాత దువా, ఇలా మారుస్తూ ఉంటే మత్తు రాదు. ఏమడగాలో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకో, ఆ వేళకి పేర్లు గుర్తురావు. ఫజర్ తర్వాత రెండు గంటలు పడుకో. సరి రాత్రుల్లో సహరీకి గంట ముందు లేస్తే చాలు. కొంచెమైనా ఆపకుండా చేసే పనే అల్లాహ్‌కి ఎక్కువ ఇష్టం అన్నారు కదా.

పండక్కి బట్టలు, గాజులు, సేమియా అన్నీ మొదటి వారంలోనే కొనెయ్యి, వచ్చే ఏడు షాబాన్‌లోనే. మన ఆడవాళ్ళ ఆఖరి పది రాత్రులు టైలర్ షాపు మెట్ల మీద అయిపోవడం చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రశ్న: మేడం, నేను ముస్లిం కాదు. విజయవాడ హాస్టల్లో నా రూమ్మేట్ రోజాలు ఉంటాడు. నాలుగింటికి లైటేస్తే నాకు నిద్ర పాడవుతోంది, చెప్తే వాడు సహరీ మానేస్తాడేమో అని చెప్పలేకపోతున్నా.

జవాబు: ఇంత ఆలోచించావు చూడు, నీ స్నేహితుడు అదృష్టవంతుడు. చెప్పు, మానెయ్యడు, సహరీలో బర్కత్ (శుభం) ఉందని వాడికి తెలుసు. మోగే అలారం బదులు చేతి వాచీలో వైబ్రేషన్ పెట్టుకోమను, ట్యూబ్‌లైటు కాకుండా టేబుల్ ల్యాంప్ గోడవైపు తిప్పి వాడమను, ప్లేటు, ఖర్జూరాలు, నీళ్ళ సీసా రాత్రే వరండాలో బల్ల మీద పెట్టుకుంటే కవర్ల చప్పుడు కూడా ఉండదు. నువ్వు చెయ్యగలిగింది ఒకటుంది, రాత్రి 10.30కి గదిలో లైటు తీసేసి నీ ఫోన్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. ఎప్పుడైనా వాడు వైబ్రేషన్‌కి లేవకపోతే భుజం తట్టి లేపు.